మోత్యా ముక్కు

సోమ్లి తన కుక్క మోత్యాను చంపించడానికి తీసుకొచ్చింది. చూసేవాళ్లకు మాత్రం పెళ్లికి బయల్దేరిన మనిషిలా ఉంది. అద్దాలు కుట్టిన ఎర్ర లంగా, చేతుల నిండా గాజులు, తల మీద ఓణీ. ఈ రోజుల్లో తండాలో ఆ బట్టలు కట్టేవాళ్లే తగ్గిపోయారు. సోమ్లి మిరపకాయలు ఏరడానికి కూడా అవే కట్టుకుని పోతుంది.

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న ఆ చిన్న పశువుల దవాఖానా అరుగు మీద ఆమె కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంది. కుక్క తల ఆమె ఒళ్లో ఉంది. బొగ్గులాంటి నలుపు, పొడుగు మూతి. కుడి ముక్కులోంచి నెత్తురూ చీమూ కలిసి కారి మీసాల దగ్గర అట్ట కట్టింది.

"డాక్టరమ్మా, సూది ఇయ్యి," అంది సోమ్లి. "వానికి నొప్పి తెల్వకుండ పోవాలె. గదొక్కటే అడుగుతున్న."

డాక్టర్ అంజుమ్‌ది ఖమ్మం. ఈ దవాఖానాకు వచ్చి ఏడాది దాటింది. ఎవరైనా ఎద్దును బతికించమని వస్తారు, బర్రెకు చూలు నిలిచేట్టు చూడమని వస్తారు. చంపమని ఇంత నెమ్మదిగా అడిగినవాళ్లు లేరు. ఆమె కుక్క పక్కన గొంతుకూర్చుంది.

"ఏమైంది యాడీ?" అంది. యాడీ అంటే లంబాడీ మాటలో అమ్మ. ఆ ఒక్క మాట నేర్చుకున్నాక తండాల వాళ్లు అంజుమ్‌తో కొంచెం ఎక్కువ మాట్లాడుతున్నారు.

"మొదలు తుమ్మిండు. మిరప కల్లంల పండుకుంటడు గద, ఘాటుకు తుమ్ముతున్నడనుకున్నం. కాయ ఎండే దినాలల్ల మనుషులే తుమ్ముతరు, కుక్క తుమ్మితే ఎవరికి పట్టింది? ఎనుకసిరి నెత్తురు పడ్డది. వాగుల నీళ్లు తాగి ముక్కుల జలగ ఎక్కిందనుకున్న. పొద్దంత నీళ్లు చూపియ్యకుండ ఎండగట్టి, పొద్దుగూకంగ మూతి ముందల చల్లటి నీళ్ల గిన్నె పెట్టి కూసున్న. జలగకు గూడ దూప గావాలె గద, తల బయట పెడ్తదని. పెడితే పట్టి గుంజుదామని."

"వచ్చిందా?"

"జలగ ఉంటే గద వచ్చేటందుకు. వాడు గిన్నె దిక్కు చూసుడు, నా దిక్కు చూసుడు. తాగద్దన్న. తాగలే. గంత దూపల గూడ తాగలే బిడ్డా." సోమ్లి కుక్క చెవిని వేళ్ల మధ్య పట్టుకుని నిమిరింది.

ట్రాలీ ఆటోకు ఆనుకుని నిలబడ్డ ఆమె కొడుకు లాల్‌సింగ్ ముందుకొచ్చి ఒక ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు. అందులో ఎక్స్‌రే ఉంది. "పట్నంల పెద్ద కుక్కల దవాఖానాకు తీసుకపోయిన మేడమ్. మా ముందల ఎవరిదో బొచ్చుకుక్కను గంటసేపు చూసిండ్రు. మావాన్ని చూసి, గీ ఊరకుక్క కోసం గింత దూరం వచ్చినవా అన్నరు. ఫొటో తీసిండ్రు. క్యాన్సర్, తీసుకపొమ్మన్నరు. చాయ తాగేంత సేపు గూడ పట్టలే."

అంజుమ్ ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టింది. ఎడమవైపు ముక్కులో సన్నని ఎముకల గీతలు కొంత కనబడుతున్నాయి. కుడివైపు ఆ గీతలే లేవు, అంతా తినేసినట్టు మసకగా ఉంది. క్యాన్సర్ అలాగే తింటుంది. పట్నం డాక్టర్ చెప్పిన దాని మీద ఆమెకు అనుమానం రాలేదు. నిజం చెప్పాలంటే అనుమానపడే తీరిక కూడా లేదు. బయట రెండు బర్రెలు అరుస్తున్నాయి, గొర్రెల టీకాల కోసం ఊరివాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. లోపలికి పోయి సూదిలోకి మందు తీసింది. దవాఖానాలో పనిచేసే దుర్గ స్పిరిట్ దూది పట్టుకుని వెనకాలే వచ్చింది. ఎవరినైనా నోరు పెట్టుకుని కసిరే దుర్గ, ఆ పూట కుక్క ముక్కు మీది ఈగలు తోలుతూ నిలబడింది.

"ఆగు బిడ్డా," అంది సోమ్లి. "జెర ముద్ద పెట్టనియ్యి."

కొంగుముడి విప్పింది. జొన్నరొట్టెను నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసిన ముద్ద. తండాలో దేవుడికి పెట్టేది. మోత్యా దాన్ని వాసన చూడలేదు. సోమ్లి పెదవులకు ఆనిస్తే అప్పుడు నోరు తెరిచాడు. నమిలాడు, మధ్యలో తుమ్మాడు, మళ్లీ నమిలాడు. తినడం అయ్యాక పెద్దగా ఊపిరి వదిలి మూతిని తిన్నగా ఆమె లంగా మీద పెట్టుకున్నాడు. సోమ్లి మోకాలి దగ్గర రెండు అద్దం బిళ్లలు, సరిగ్గా అతని ముక్కుల కింద పడ్డాయి.

అంజుమ్ ముందుకాలికి రబ్బరు పట్టీ బిగిస్తోంది. నరం కోసం వేలితో తడుముతూ, ఎందుకో ఆ అద్దాల వైపు చూసింది. ఎడమ అద్దం మీద ఆవిరి పట్టి తగ్గింది. కుడి అద్దం మీద కూడా ఆవిరి పట్టి తగ్గింది. మళ్లీ పట్టింది.

ఆమె చెయ్యి ఆగిపోయింది. గడ్డ అడ్డం ఉన్న ముక్కులోంచి గాలి రాదు. ఇంత ఎముకను తినే గడ్డ ఈపాటికి కుడివైపంతా పూడ్చేసి ఉండాలి.

"దుర్గా, గాజు పలకొకటి తే."

పలకను ముక్కు ముందు పట్టుకుంది. రెండు వైపులా ఆవిరి మచ్చలు. కుడిది కొంచెం ఎక్కువే. అప్పుడు మొదటిసారి ఆ ముక్కును ముక్కులా చూసింది. నల్లటి ముక్కు అంచు కుడివైపు మాత్రం రంగు పోయి పాలిపోయి, పుండు పడి ఉంది. మూతి ఎక్కడా ఉబ్బలేదు. వేలితో మెల్లగా నొక్కితే, ఇంతసేపూ రాయిలా పడున్న కుక్క కెవ్వుమని సోమ్లి చంకలోకి దూరింది.

"వీడు ఎక్కడ పండుకుంటడన్నవ్ యాడీ?"

"కల్లంల, తాలుకాయ కుప్ప మీద. వానకు తడిసి బూజుపట్టిన కాయ. ఎవరు కొంటరు దాన్ని? వెచ్చగుంటదని మూతి దాంట్ల కుక్కి పంటడు."

అంజుమ్ రబ్బరు పట్టీ విప్పేసింది. "ఇయ్యాల సూది ఇయ్య. ఇది క్యాన్సర్ కాకపోవచ్చు. ముక్కు లోపల బూజు పట్టి ఉండొచ్చు. కాయకు పట్టిన అసొంటిదే. అదైతే మందుంది."

ఈ మాటకు వాళ్లు సంబరపడతారనుకుంది. సోమ్లి ముఖం ఎర్రబడింది. "ఇంటికాడ మొత్తం ఏడ్సుకొని వచ్చిన. వాన్ని అందరిళ్లకు తిప్పి చూపెట్టి వచ్చిన. మల్లొకసారి ఏడిపిస్తవా నన్ను? ఒక డాక్టర్ అది అన్నడు, నువ్వు ఇది అంటున్నవ్. రేపు ఇంకోటంటవ్."

"అందుకే లోపల చూసి చెప్త. ఎల్లుండి రాండ్రి."

లాల్‌సింగ్ తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాదు. ఆ రోజు మిరప బస్తాల బేరం వదులుకుని వచ్చాడు. "మేడమ్, ఒకటి అడుగుత. గీ కుక్క ఎలుగుబంటిని పసిగట్టిన కుక్క. నిరుడు గాక ముందటేడు ఇప్పపూలకు పోయినప్పుడు మొరిగి మొరిగి మా అమ్మను బతికిచ్చిండు. అప్పటిసంది తండాల ఇంటికో ముద్ద పెడ్తరు వానికి. వాడుంటేనే మా అమ్మను అడవికి పోనిస్తున్న. వచ్చే నెల ఇప్పపూలు రాలుతయి. అప్పటికి వాని ముక్కు పనిచేస్తదా? చెయ్యకపోతే వాన్ని గింత గోస పెట్టుడెందుకు?"

"ముందు బతకనియ్యి లాల్‌సింగ్," అంది అంజుమ్. అది జవాబు కాదని ఆమెకూ తెలుసు.

వాళ్లు పోయేముందు అంజుమ్ కుక్క కాలి నుంచి రక్తపు బొట్టు తీసుకుంది. పిడుదుల జ్వరంలో కూడా ముక్కులోంచి నెత్తురు పడుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే అది కనిపించలేదు. మిగిలింది ముక్కు లోపల చూడటం. అలా చూసే గొట్టం ఈ దవాఖానాలో లేదు, పట్నంలో ఉన్నది ఊరకుక్కలకు దొరకదు.

* * *

ఖమ్మంలో అంజుమ్ తండ్రి జానీ మియా డీజిల్ షెడ్డు వెనకే వాళ్ల ఇల్లు. అంజుమ్ స్కూటీ చప్పుడు వినగానే తల్లి ఇస్మత్ గుమ్మంలోకి వచ్చి, కూతురి సల్వార్ మీదున్న నల్లటి వెంట్రుకలు చూసి, బకెట్‌తో నీళ్లూ సబ్బూ వాకిట్లో పెట్టింది. ఆవులూ మేకలూ అయితే చేతులు కడుక్కుంటే చాలు. కుక్క చొంగ అంటిన బట్టలు నమాజుకు పనికిరావు కాబట్టి, కుక్కను ముట్టుకున్న రోజు వాకిట్లోనే కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే వంటింట్లోకి. దీని మీద తల్లీకూతుళ్ల మధ్య ఎప్పుడూ గొడవ లేదు. బకెట్లో నీళ్లు మాత్రం ఎప్పుడూ గోరువెచ్చగా ఉంటాయి.

స్నానం చేసి అంజుమ్ షెడ్డులోకి పోయింది. జానీ మియా ఒక ట్రాక్టర్ ఇంజిన్ ముందు కూర్చుని ఉన్నాడు. సన్నటి నల్ల వైరు ఇంజిన్ రంధ్రంలోకి పోనిచ్చి, చేతిలో ఫోను చూస్తున్నాడు. వైరు చివర కందిగింజంత కెమెరా, దాని చుట్టూ మిణుకుమిణుకుమనే దీపాలు. ఇంజిన్ విప్పకుండా లోపల ఏం చెడిందో చూసే సామాను.

"అబ్బా, గా కెమెరా నాకు ఎల్లుండి కావాలె."

"స్కూటీకా?"

"కుక్క ముక్కుకు."

జానీ మియా ఫోను మీంచి తలెత్తాడు. కూతురి ముఖం చూసి తమాషా కాదని గ్రహించాడు. "గన్ని ఏండ్లు చదివి డాక్టరైతివి. ఆఖరికి నా షెడ్డు సామానే కావాల్సి వచ్చిందా బేటీ?"

"వచ్చింది అబ్బా."

ఆయన ఏదో పానా వెతుకుతున్నట్టు పెట్టెలోకి వంగాడు. అంత సంతోషం కూతురికి కనిపించడం ఆయనకు ఇష్టం లేదు. కాసేపటికి లోపల్నుంచే అన్నాడు. "దాన్ని నేను తప్ప ఎవరు తిప్పినా వైరు ఇరుగుతది. నేనే వస్త."

"కుక్కను పట్టుకోవాల్సొస్తది మరి."

"పట్టుకుంట. మీ అమ్మ రెండు బకెట్లు పెడ్తది, గంతే కద."

ఆ రాత్రి భోజనాలయ్యే దాకా ఆయన ఆ వైరును సబ్బునీళ్లతో తుడుస్తూనే ఉన్నాడు. తరవాత స్పిరిట్‌తో. తరవాత మళ్లీ సబ్బుతో. "పెళ్లికొడుకును చేస్తున్నరా దాన్ని?" అని ఇస్మత్ అడిగేదాకా.

* * *

బుధవారం పొద్దున మోత్యాకు మత్తు ఇచ్చారు. నాలుక పక్కకు వేలాడేసి, బల్ల మీద మెత్తగా పడిపోయాడు. సోమ్లి బయట కూర్చోనంది. బల్ల పక్కనే నిలబడి వెనక కాళ్లు రెండూ పట్టుకుంది.

"పేరేంది అక్కా?" అడిగాడు జానీ మియా, కుక్క తల సరిచేస్తూ.

"మోత్యా."

"ముత్యమా? గీ బొగ్గుకు?"

"పుట్టినప్పుడు గూడ గింతే నలుపున్నడు," అంది సోమ్లి. "నేను పెట్టిన పేరు. వాడు ముత్యమే."

అంజుమ్ గొంతులోకి ఊపిరి గొట్టం వేసి, దాని చుట్టూ తడిపిన గుడ్డ కుక్కి, కెమెరాను కుడి ముక్కులోకి పోనిచ్చింది. జానీ మియా వైరును వేళ్ల మధ్య తిప్పుతూ దారి ఇస్తున్నాడు. ఫోను తెర మీద మొదట నెత్తుటి ఎరుపు, తరవాత తడి గులాబీ రంగు కనిపించాయి. అంజుమ్ ఉప్పునీళ్లతో కడిగి ముందుకు పొమ్మంది. అక్కడ ఉండాల్సినవి చుట్టలు చుట్టుకున్న పలుచటి ఎముకలు. గాలి వాటి మీదుగా పోతేనే వాసన తెలుస్తుంది. అవి లేవు. వాటి చోట ఖాళీ గుహ. గుహ గోడల మీద తెల్లగా, అక్కడక్కడ ఆకుపచ్చ బూడిద రంగులో, మెత్తటి మందపాటి పెచ్చులు.

"కార్బన్," అన్నాడు జానీ మియా, ఎంతో నమ్మకంగా. "నాజిల్‌కు పట్టినట్టే పట్టింది. నూనె మంచిది పోస్తలేరు వీనికి."

దుర్గ నవ్వు ఆపుకోలేక మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంజుమ్ నవ్వలేదు, ఆమె కళ్లు తెరను వదలడం లేదు. గడ్డ ఎక్కడా లేదు. ఎంత వెతికినా లేదు. మధ్య గోడకు మాత్రం చిల్లు పడింది. ఎడమ ముక్కులోంచి చూస్తే అటువైపు కూడా సగం ఎముకలు కరిగిపోయి, అవే పెచ్చులు.

చిన్న పట్టకారుతో ఒక పెచ్చును గీకి తీసింది. గాజు పలక మీద పెట్టి, మందు చుక్క వేసి, పై నుంచి నొక్కి మైక్రోస్కోపు కింద పెట్టింది.  పెచ్చులు కనబడినంత మాత్రాన సరిపోదు, చీము గడ్డకట్టినా ఒక్కోసారి అలాగే ఉంటుంది. కన్ను ఆనించి, చక్రం మెల్లగా తిప్పింది.

సన్నటి దారాలు. ఒక్కో దారంలో అడ్డంగా గదులు. ప్రతి దారమూ కొంత దూరం పోయి రెండుగా చీలింది, చీలిన కొమ్మ మళ్లీ చీలింది. పుస్తకంలో చూసిన బొమ్మ కూడా ఇంత స్పష్టంగా లేదు.

"బూజే," అంది అంజుమ్. "యాడీ, ఇది బూజే. క్యాన్సర్ కాదు."  మొన్న తన చేతిలోని సూది గుర్తొచ్చింది. ముద్ద పెట్టనియ్యమని సోమ్లి అడగకపోతే ఈ కుక్క ఇవాళ మట్టిలో ఉండేది.

సోమ్లి వచ్చి మైక్రోస్కోపులో చూసింది. "గీ దారాలా? వీటికే గింత నెత్తురా?" అంది. కాసేపు కన్ను తియ్యలేదు.

అంజుమ్ తను చదువుకున్న కాలేజీలోని పాత మేడమ్‌కు ఫోన్ చేసి మందు ఎంత పట్టాలో, ఎంతసేపు ఉంచాలో ఇంకోసారి అడిగి రూఢి చేసుకుంది. ఆమె సరేనంది కానీ ఒక భయం చెప్పింది. ముక్కుకూ మెదడుకూ మధ్య జల్లెడలాంటి పలుచటి ఎముక ఉంటుంది. బూజు దాన్ని కూడా తినేసి ఉంటే, పోసిన మందు మెదడులోకి దిగుతుంది. అది తెలియాలంటే పట్నంలో పెద్ద స్కానింగ్ చెయ్యాలి.

అంజుమ్ ఏమీ దాచకుండా ఆ మాట సోమ్లికి చెప్పింది.

"దిగితే ఏమైతది?"

"మత్తుల నుంచి లేవకపోవచ్చు."

సోమ్లి కుక్క అరిపాదాన్ని బొటనవేలితో రుద్దుతూ ఆలోచించింది. "నిద్రల పోతే పోతడు. నేను తెచ్చిందే దానికాయె. నువ్వు పొయ్యి బిడ్డా. నీ చెయ్యి మంచిది."

చివర బుడగ ఉబ్బే రబ్బరు గొట్టాలతో ముక్కును వెనకా ముందూ మూసి, మందును లోపల నింపారు. బయటికి చుక్క కారకుండా గంటసేపు అది అక్కడే నిలవాలి. మందు అన్ని గోడలకూ తగలాలని, పెనం మీద రొట్టెను తిప్పినట్టు, మధ్య మధ్య కుక్కను తిప్పాలి. వెల్లకిలా, కుడిపక్క, బోర్లా, ఎడమపక్క. జానీ మియా తల పట్టాడు, సోమ్లి కాళ్లు పట్టింది, అంజుమ్ చెవి గొట్టం గుండె మీంచి తియ్యలేదు. దుర్గ బయటికి పోయి, బర్రెను తోలుకొచ్చిన రైతును "జల్దీ ఏం లేదు, బర్రె ఏం పారిపోతలేదు, కూసో" అని కసిరి వచ్చింది.

"ఇంజినైతే విప్పి కడుగుతం," అన్నాడు జానీ మియా. "దీన్ని విప్పకుండ కడగాలె. నీ పని నా పనికంటె కష్టం బేటీ." ఆ మాట ఆయన ఇంతకు ముందు ఎప్పుడూ అనలేదు. అంజుమ్ వినిపించుకోనట్టే గుండె చప్పుడు వింటూ ఉండిపోయింది.

గంట తరవాత మూతిని కిందికి వంచి మందంతా వంపేశారు. గొట్టాలు తీశారు, గొంతులో గుడ్డ తీశారు. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. సోమ్లి మోత్యా చెవిలో లంబాడీలో ఏదో చెబుతూ కూర్చుంది. తిడుతున్నట్టే ఉంది కానీ తిట్టు కాదు. చాలాసేపు కుక్క కదల్లేదు. జానీ మియా మధ్యాహ్నం నమాజుకు బట్టలు బాగాలేవని గొణుక్కుంటూ కూడా అక్కడి నుంచి లేవలేదు.

మొదట తోక కదిలింది. చివర మాత్రమే, ఒక్కసారి.

సోమ్లి ఏడ్చింది. ఏడిపిస్తవా అని కోప్పడ్డ మనిషి, ఎవరి ముందూ సిగ్గుపడకుండా ఓణీలో ముఖం పెట్టుకుని ఏడ్చింది.

* * *

మోత్యాను దవాఖానాలోనే ఉంచారు. శుక్రవారానికి నెత్తురు ఆగిపోయింది, తుమ్ములు తగ్గాయి. దుర్గ పెట్టిన అన్నం గిన్నెతో సహా నాకేసి, ఆమె చెప్పు ఒకటి నమిలాడు. "బతికిండు," అంది దుర్గ, చెప్పు చూసుకుంటూ.

సోమ్లి రాకముందే అంజుమ్ ఒక పని చేసింది. ఉడికిన కాలేయం ముక్కను గుడ్డలో చుట్టి, మూడు ఖాళీ డబ్బాల్లో ఒకదాని కింద పెట్టింది. మోత్యా ఆమె ముఖంలోకి చూసి తోకాడించాడే కానీ డబ్బాల వైపు పోలేదు. ముక్కు కింద పెట్టి చూపించింది. లోపల ముక్క ఉన్నట్టు అతనికి తెలియలేదు. గుడ్డ విప్పి చూపిస్తే కళ్లతో చూసి తిన్నాడు. మళ్లీ చేసింది. మళ్లీ అంతే.

అనుకున్నదే. రెండు వైపులా ఎముకలు పోయాయి, అవి మళ్లీ మొలవవు. బూజు రాకుండా చూసుకోవచ్చు, ఇంకోసారి మందు పోయవలసి వచ్చినా పోయవచ్చు. వాసన మాత్రం పోయినట్టే. లాల్‌సింగ్ అడిగిన ప్రశ్న అప్పటి నుంచి గొంతులో ముల్లులా ఉంది. ఈ ముక్కు పేరు మీదే కుక్కకు తండాలో ముద్ద దొరుకుతోంది. ఈ ముక్కు పేరు మీదే ముసలామెను అడవికి పోనిస్తున్నారు. క్యాన్సర్ కాదని నిరూపించిన నోటితోనే ఇప్పుడు ఇది చెప్పాలి.

సోమ్లి వచ్చి అరుగు మీద కూర్చోగానే మోత్యా ఆమె మీదికి ఎక్కేశాడు. లాల్‌సింగ్ రోడ్డు అవతల ఆటో టైర్లో గాలి కొట్టిస్తున్నాడు. అంజుమ్ పక్కన కూర్చుని, సాగదీయకుండా చెప్పేసింది. "బతుకుతడు యాడీ. నొప్పి పోయింది. కానీ వానికి ఇగ వాసన తెల్వదు. ఎప్పటికి తెల్వకపోవచ్చు. ఎలుగొచ్చినా పసిగట్టడు."

సోమ్లి కుక్క మెడ గోకుతూనే ఉంది. "ఎప్పుడు పసిగట్టిండు గనక?"

"ఏంది?"

సోమ్లి రోడ్డు వైపు చూసి, కొడుకు అక్కడే ఉన్నాడని చూసుకుని, గొంతు తగ్గించింది. "ఆ దినం ఎలుగు కంపు తగిలింది నాకు. తడిసిన గొంగడి మురిగిన కంపు. గాలి నా దిక్కు కొట్టింది, తెలిసింది. వీడేడున్నడనుకున్నవ్? మురిగిన ఇప్పపూలు కడుపునిండ తిని, మత్తెక్కి చెట్టు కింద పంటే లేస్తలేడు. పూల గంప ఆడ్నే పారేసి, వీన్ని సంకనేసుకొని ఉరికిన. అడవి దాటినంక లేచి, నా ముఖం చూసి అప్పుడు మొరిగిండు."

అంజుమ్ ఆమె వైపు జరిగింది. "మరి వాడే బతికిచ్చిండని ఎందుకు చెప్పినవ్?"

"ఆ ఏడు తండాల కుక్కలు ఎక్కువైనయని, పనికిరానియన్ని మూట గట్టి వాగు అవతల ఇడుస్తమన్నరు. వీడు ఏం పని చేస్తడు? కోళ్లను చూసి గూడ భయపడ్తడు. ఏదో ఒక పని చెప్పకపోతే పోయినట్టే గద." ఆమె నవ్వింది. ముందు పళ్లు లేవు. "ముసలిదాని ముక్కు మంచిదని చెప్తే నాకు ఒక ముద్ద ఎక్కువ పెడ్తరా బిడ్డా? వానికైతే ఇంటికో ముద్ద పెట్టిండ్రు."

"నిజంగ నీకే తెలిసిందా?"

సోమ్లి ముఖం కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు పెట్టింది. అక్కణ్నుంచే లోపలి గది తలుపు వైపు చూసి గాలి పీల్చింది. "మీ అమ్మ ఇయ్యాల ఎండురొయ్యలు వండింది. మెంతికూర ఏసింది. పొయ్యి మీద జెర అడుగంటింది."

అంజుమ్ లేచి లోపలికి పోయింది. బీరువాలో, సంచిలో, బిగించిన మూతతో ఉన్న టిఫిన్ డబ్బా. పొద్దున ఇస్మత్ ఏం పెట్టిందో అంజుమ్‌కే తెలియదు. మూత తీసింది. మెంతికూర, ఎండురొయ్యలు. అంచుల్లో నల్లటి మాడు. మూత పెట్టేసి వచ్చి కూర్చుంది.

"రేపు పిల్లలు వాన్ని నమ్ముకొని అడవికి పోతే ఎట్ల యాడీ?"

"నేను లేకుండ వాడు గడప దాటడు. వాడు ఏడుంటే ఆడ నేనుంట." సోమ్లి ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఆ చేతి పట్టు గట్టిగా ఉంది. "నాకు అడవి లేకపోతే ఊపిరాడది బిడ్డా. ఇంట్ల కూసోబెడ్తే చచ్చిపోత. మావోనికి చెప్పకు."

లాల్‌సింగ్ చేతులు దులుపుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. మోత్యా ముఖం చూసి తెలియకుండానే నవ్వాడు. వెంటనే నవ్వు ఆపి అంజుమ్ వైపు తిరిగాడు. "చెప్పుండ్రి మేడమ్. ఇప్పపూలకు మా అమ్మను పోనియ్యొచ్చా? ఎలుగొస్తే తెలుస్తదా?"

దుర్గ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. సోమ్లి కుక్క చెవిలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుంది.

"పోనియ్యి లాల్‌సింగ్," అంది అంజుమ్. "ఎలుగొస్తే ముందే తెలుస్తది. నేను పరీక్ష చేసి చూసిన. ఒక్కటే మాట, ఇద్దరినీ ఎప్పుడూ కలిపే పంపు. అమ్మను ఇడిచి కుక్కను పంపకు, కుక్కను ఇడిచి అమ్మను పంపకు. తాలుకాయ కుప్ప తగలబెట్టు. ఇద్దరికీ ముద్ద మంచిగ పెట్టు."

"అమ్మకు ఎందుకు మేడమ్ చెప్పుడు?"

"ఊరికెనే చెప్తున్న."

లాల్‌సింగ్ వంగి, తనే మోత్యాను రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. వచ్చినరోజు వెనక ఖాళీ బస్తాల మధ్య పడుకోబెట్టి తెచ్చినవాడు, ఇప్పుడు ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టి, "గట్టిగ కూసోరా పెద్దమనిషీ" అన్నాడు. సోమ్లి వెనక ట్రాలీలోకి, బస్తాల మీదికి ఎక్కింది. ఆటో కదిలింది. ముందు సీట్లో మోత్యా దారి పక్క మేకల్ని చూసి భయపడి లాల్‌సింగ్ మోకాళ్ల కిందికి దూరాడు. వెనక బస్తాల మీద సోమ్లి తల పైకెత్తి అడవి వైపు గాలి పీలుస్తోంది.

అంజుమ్ ఆటో మలుపు తిరిగే దాకా చూసి, చేతులు కడుక్కోవడానికి లోపలికి పోయింది.